మంచు కింద బతికిన వేళ్ళు: తోటమాలి కార్ల్ ఫోర్‌స్టర్ జీవితం

చదివే ముందు

ఈ పాఠంలో ఒక తోటమాలి జీవితం గురించి చదువుతారు. ఆయన పేరు కార్ల్ ఫోర్‌స్టర్. జర్మనీ దేశస్థుడు. 1874లో పుట్టి, 1970లో చనిపోయారు. తొంభై ఆరేళ్ళ ఆ జీవితంలో రెండు ప్రపంచ యుద్ధాలు, ఎన్నో గడ్డు చలికాలాలు వచ్చాయి. ఆయన మాత్రం ఒకే పని పట్టుకున్నారు. నేల గడ్డకట్టే ఊళ్ళో, మామూలు మనిషి ఇంటి ముందు కూడా ఏటేటా తిరిగి పూసే పూలు ఉండాలి అన్నదే ఆ పని.

తెలుగు పుస్తకంలో జర్మనీ తోటమాలి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం అని ఆరు ఋతువుల పేర్లు మీరు నేర్చుకున్నారు కదా. నేర్చుకున్నారు గానీ, తెలుక్ ఇంటాన్‌లో కిటికీ తీసి చూస్తే ఆ ఆరూ కనిపించవు. ఇక్కడ ఏడాదంతా ఒకటే వేడి, వాన కాస్త ఎక్కువ లేదా కాస్త తక్కువ. ఆంధ్ర నుంచి ఈ మధ్యనే వచ్చిన నాకు కూడా మొదట్లో ఏ నెల నడుస్తోందో చెట్లను చూసి పోల్చుకోవడం కష్టంగానే ఉండేది. ఋతువు అంటే ఏమిటో బాగా అర్థం కావాలంటే, ఋతువుతో రోజూ పని పడిన మనిషి గురించి చదవడం మంచిది.

ముందుగా రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. బంతి మొక్క ఒక్క కారు పూసి, విత్తనం పెట్టి చచ్చిపోతుంది. అది ఏకవార్షికం. కొన్ని మొక్కలు ఏళ్ళ తరబడి బతుకుతాయి. అవి బహువార్షికాలు. బహువార్షికాల్లో ఒక రకం మరీ వింతగా ఉంటుంది. కాలం బాగోలేనప్పుడు పైన ఆకు, కాడ అన్నీ ఎండిపోతాయి. కింద వేరో దుంపో బతికి ఉంటుంది. కాలం మారగానే మళ్ళీ మొలక వస్తుంది. మన పసుపు మొక్కే చూడండి. గుంటూరు జిల్లా దుగ్గిరాల వైపు పసుపు చేలల్లో ఆకు పూర్తిగా ఎండాకే దుంప తవ్వుతారు. పైకి చూస్తే చచ్చిన చేను, కింద మాత్రం బంగారం. ఫోర్‌స్టర్ జీవితమంతా ఇలాంటి మొక్కలతోనే గడిచింది.

చదవండి

నక్షత్రాలు చూసే ఇంట్లో

కార్ల్ ఫోర్‌స్టర్ 1874 మార్చి 9న బెర్లిన్ నగరంలో పుట్టారు. పుట్టిన ఇల్లు మామూలు ఇల్లు కాదు, బెర్లిన్ ఖగోళ పరిశీలనశాల. ఆయన తండ్రి విల్‌హెల్మ్ ఫోర్‌స్టర్ ఆ పరిశీలనశాలకు అధిపతి. నాన్నగారు రాత్రుళ్ళు నక్షత్రాలు చూసేవారు, పగలు వాటి లెక్కలు రాసుకునేవారు. ఏ నక్షత్రం ఏ రోజు ఎక్కడ కనిపిస్తుందో ముందే చెప్పగలిగిన మనిషి ఆయన. కాలాన్ని జాగ్రత్తగా గమనించడం, గమనించింది రాసి పెట్టుకోవడం కొడుక్కి అక్కడే అలవాటయ్యాయని అనుకోవచ్చు. కాకపోతే కొడుకు చూపు ఆకాశం మీద కన్నా నేల మీదే నిలిచింది.

చదువుకున్న కుటుంబం కదా, పిల్లవాడు కూడా పెద్ద చదువులకు వెళ్ళవచ్చు. కానీ కార్ల్ పదిహేనేళ్ళ వయసులో, 1889లో, ష్వెరీన్ అనే ఊళ్ళో రాజకోట తోటల్లో పని నేర్చుకోవడానికి చేరారు. రెండేళ్ళ తరువాత పోట్స్‌డామ్ దగ్గర ఉన్న తోటపని విద్యాలయంలో చదివారు. పోట్స్‌డామ్ బెర్లిన్ పక్కనే ఉంటుంది. ఒకప్పుడు అది రాజుల ఊరు. చుట్టూ చెరువులు, ఉద్యానవనాలు.

ఆ తరువాత కొన్నేళ్ళు ఆయన్ని అనారోగ్యం వెంటాడింది. బరువు పనులు చేయడం కష్టమైంది. తోటమాలికి ఒంట్లో బలం లేకపోతే ఎంత ఇబ్బందో మీరే ఊహించండి. అయినా ఆ వృత్తి వదలలేదు. 1903లో, ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు, బెర్లిన్‌లో తల్లిదండ్రుల స్థలంలోనే చిన్న నర్సరీ మొదలుపెట్టారు. 1907లో తన దగ్గర దొరికే మొక్కల జాబితాను మొదటిసారి అచ్చు వేయించారు.

అప్పటి తోటలు ఎలా ఉండేవి?

ఫోర్‌స్టర్ ఏం మార్చారో తెలియాలంటే అంతకు ముందు పరిస్థితి తెలియాలి. అప్పట్లో యూరప్‌లో గొప్పవాళ్ళ తోటల్లో వేడి దేశాల మొక్కలకు మోజు ఎక్కువ. చలికాలంలో వాటిని గాజు ఇళ్ళలో పెంచేవారు. బయట వెచ్చబడ్డాక తెచ్చి, ముగ్గు వేసినట్టు రంగు రంగుల వరుసల్లో నాటేవారు. చలి మొదలవగానే అవి చచ్చిపోయేవి. పీకి పారేసి, మరుసటి ఏడు మళ్ళీ కొత్తవి నాటాలి. అంటే గాజు ఇల్లు ఉండాలి, అది వెచ్చబెట్టడానికి బొగ్గు ఉండాలి, పనివాళ్ళు ఉండాలి. ఇవన్నీ డబ్బున్నవాళ్ళకే కుదురుతాయి.

మరి చిన్న ఇంట్లో ఉండే గుమాస్తాకో, బడిపంతులుకో పూలు అక్కర్లేదా? ఫోర్‌స్టర్ పట్టుకున్న ప్రశ్న ఇదే. ఒకసారి నాటితే చలిని తట్టుకుని, ఎవరూ కాపలా కాయకపోయినా, ప్రతి ఏడూ తనంతట తానే లేచి పూసే మొక్కలు కావాలి అనుకున్నారు. అలాంటివి కొన్ని అప్పటికే ఉన్నాయి. కానీ చాలావాటికి ఏదో ఒక లోపం. ఒకటి గాలికి విరిగిపోతుంది, ఒకటి తెగులుకు లొంగిపోతుంది, ఇంకొకటి రెండేళ్ళు పూసి అలిసిపోతుంది. ఆ లోపాలు తగ్గించడమే తన పని అని నిర్ణయించుకున్నారు. 1911లో చలికి తట్టుకునే పూలమొక్కల గురించి పుస్తకం కూడా రాశారు.

బోర్నిమ్‌లో పొలం

బెర్లిన్‌లో స్థలం చాల్లేదు. 1910లో పోట్స్‌డామ్ పక్కన బోర్నిమ్ అనే పల్లెలో పొలం కొన్నారు. అక్కడే ఇల్లు, నర్సరీ, ఇంటి ముందు తోట. తోట నడుమ నేలను తవ్వి పల్లంగా చేశారు. మధ్యలో చిన్న నీటి గుంట, చుట్టూ రాతి గోడలతో మెట్లు మెట్లుగా మళ్ళు. ఇలా చేస్తే ఒకే తోటలో ఒక పక్క ఎండ బాగా తగులుతుంది, ఇంకో పక్క నీడ ఉంటుంది. ఒక చోట తేమ, ఒక చోట పొడి. ఏ మొక్క ఎక్కడ సుఖంగా ఉంటుందో పక్కపక్కనే చూసుకోవచ్చు. చూడడానికి అందమైన తోటే, కానీ అది ఆయనకు ప్రయోగశాల.

అక్కడి వాతావరణం మొక్కలకు సులువైనది కాదు. ఆ ప్రాంతంలో ఇసుక నేలలు ఎక్కువ. వేసవిలో వాన ఆలస్యమైతే నేల త్వరగా ఎండిపోతుంది. చలికాలంలో నీళ్ళు గడ్డకడతాయి. కొన్ని ఏళ్ళు మరీ ఘోరం. 1929 ఫిబ్రవరిలో జర్మనీలో బవేరియా ప్రాంతంలోని ఒక చోట ఉష్ణోగ్రత సున్నాకు కింద 37 డిగ్రీలు దాటిపోయింది. 1939 తరువాత యుద్ధం మొదలైన ఏళ్ళలో వరసగా మూడు గట్టి చలికాలాలు వచ్చాయి. 1946-47 చలికాలంలో అయితే మనుషులకే తిండీ బొగ్గూ లేవు.

మనకి తెలుక్ ఇంటాన్‌లో రాత్రి 23 డిగ్రీలు వస్తేనే చల్లగా ఉందంటాం. కాబట్టి చలి మొక్కను ఏం చేస్తుందో కొంచెం ఆగి తెలుసుకుందాం.

చలి ఏం చేస్తుంది?

మొక్క లోపల నీరు ఉంటుంది. బాగా చలి పడితే ఆ నీరు గడ్డకడుతుంది. లేత ఆకు అయితే కుళ్ళినట్టు నల్లబడి వాలిపోతుంది. అందుకే చలిదేశపు బహువార్షికాలు తెలివిగా ముందే సర్దుకుంటాయి. పగలు తగ్గడం మొదలవగానే ఆకుల్లో ఉన్న బలాన్ని వేళ్ళలోకి దించుకుంటాయి. పై భాగాన్ని ఎండనిచ్చేస్తాయి. మొగ్గలు నేల మట్టంలోనో, నేల లోపలో నిద్రపోతాయి.

మంచు కురిస్తే మొక్క చచ్చిపోతుందని మీరు అనుకుంటారేమో. నిజానికి మంచు గొంగళి లాంటిది. మెత్తని మంచు మందంగా పరుచుకుంటే దాని కింద నేల అంతగా చల్లబడదు. మంచు పడకుండా ఉత్త చలిగాలి వీస్తేనే ప్రమాదం. అప్పుడు నేల లోతుగా గడ్డకడుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పగలు కాస్త ఎండకి నేల కరగడం, రాత్రి మళ్ళీ గట్టిపడడం, ఇలా రోజూ జరిగితే మట్టి ఉబ్బి చిన్న మొక్కల్ని వేళ్ళతో సహా పైకి ఎత్తేస్తుంది. వేళ్ళు గాలికి బయటపడి ఎండిపోతాయి. అందుకని తోటమాలులు ఎండుటాకులు, చెట్ల రెమ్మలు తెచ్చి మళ్ళ మీద కప్పుతారు.

అన్నిటికన్నా ఎక్కువ మొక్కల్ని చంపేది చలి, తడి కలిసి రావడం. నీళ్ళు ఇంకని నేలలో వేళ్ళు కుళ్ళిపోతాయి. ఈ మాట మాత్రం మీకు వెంటనే అర్థమవుతుంది. పేరాక్ నది పక్క ఊళ్ళో ఉన్నాం. పెద్ద వాన పడ్డాక కుండీ కింద రంధ్రం మూసుకుపోతే కనకాంబరం ఏమవుతుందో మీ అమ్మమ్మని అడగండి, చెబుతారు. దేశం ఏదైనా, నీరు నిలిస్తే వేరు బతకదు.

వేలల్లోంచి ఒకటి

ఇప్పుడు ఫోర్‌స్టర్ అసలు పనికి వద్దాం. ఆయనకు బాగా ఇష్టమైన పువ్వు డెల్ఫినియం. మనిషంత ఎత్తు కాడ, దాని నిండా నీలం పూలు. తేట నీలం నుంచి అర్ధరాత్రి ఆకాశం లాంటి నీలం దాకా ఎన్నో ఛాయలు. నీలం పూల మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. 1940లో వచ్చింది.

డెల్ఫినియంలో అందం ఉంది, ఇబ్బందులూ ఉన్నాయి. పొడుగు కాడ గాలివానకి పడిపోతుంది. ఆకుల మీద బూడిద తెగులు వస్తుంది. కొన్ని రకాలు మూడు నాలుగేళ్ళకే నశించిపోతాయి. ఆయన ఏం చేశారంటే, మంచి గుణాలున్న మొక్కల విత్తనాలు తీసి వేలల్లో నారు పోసేవారు. ఆ నారు పెరిగి పూసేదాకా ఆగేవారు. పువ్వు బాగుంటే సరిపోదు. ఊతకర్ర లేకుండా నిలబడుతుందా, తెగులు రాకుండా ఉంటుందా, ఇంకో చలికాలం దాటి లేస్తుందా అని ఏళ్ళ తరబడి చూసేవారు. చివరికి ఏ కొన్నో మిగిలేవి. మిగతావి తీసేయాల్సిందే. పువ్వు ఎంత ముద్దుగా ఉన్నా సరే, తట్టుకోలేని మొక్కని జనానికి అమ్మితే వాళ్ళ డబ్బు, ఏడాది శ్రమ వృథా అవుతాయి కదా.

ఇక్కడ గట్టి చలికాలానికి ఇంకో అర్థం వస్తుంది. మామూలు తోటమాలికి అది నష్టం. మొక్కల్ని ఎంపిక చేసేవాడికి నష్టంతో పాటు పరీక్ష కూడా. అంతటి చలి దాటి వసంతంలో మొలకెత్తిన మొక్క తన సత్తా తానే చెప్పుకున్నట్టు.

అలా నిలిచిన మొక్కను విత్తనంతో పెంచితే లాభం లేదు, పిల్లలు తల్లిలా రావు. అందుకని దుబ్బును తవ్వి ముక్కలుగా విడదీసి నాటుతారు. అరటి పిలకలు తీసి నాటినట్టే అనుకోండి. ప్రతి ముక్కా అచ్చం తల్లి మొక్కే. జీవితకాలంలో ఆయన ఇలా మూడు వందలకు పైగా కొత్త రకాలు తెచ్చారు. డెల్ఫినియంతో పాటు ఫ్లాక్స్, హెలీనియం, ఆస్టర్ వంటి పూలలోనూ ఆయన రకాలున్నాయి. వాటికి పర్వతాల పేర్లు, సంగీతం పేర్లు, ఆకాశం పేర్లు పెట్టేవారు.

ఏడు ఋతువులు

చలిదేశాల్లో సాధారణంగా నాలుగు ఋతువులు చెబుతారు. ఫోర్‌స్టర్‌కి నాలుగు చాల్లేదు. రోజూ తోటలో ఉండేవారికి తెలుస్తుంది, వసంతం ఒక్కసారిగా రాదు, శరత్తు ఒక్కసారిగా పోదు. అందుకని ఏడాదిని ఏడుగా విభజించారు. తొలి వసంతం, వసంతం, తొలి వేసవి, నడి వేసవి, శరత్తు, మలి శరత్తు, చలికాలం. రాతి తోటల గురించి 1936లో రాసిన పుస్తకం పేరులోనే ఈ ఏడు ఋతువుల మాట ఉంది.

ఇది ఊరికే పేర్ల ఆట కాదు. ప్రతి ఋతువుకీ తోటలో ఏదో ఒకటి పూస్తూ ఉండాలి అనేది ఆయన పట్టుదల. ఏ మొక్క ఏ వారంలో పూస్తుందో తెలిస్తేనే అది కుదురుతుంది. ఒకటి వాడిపోయే వేళకి పక్కది విచ్చుకోవాలి. చలికాలానికి కూడా మొక్కలున్నాయి. హెల్లెబోర్ అనే తెల్లని పువ్వు మంచులోనే పూస్తుంది. మన మల్లెకి దూరపు చుట్టం ఒకటుంది. ఆకులు లేని కొమ్మల మీద పసుపు పచ్చని పూలు చలికాలంలో పూస్తాయి. చైనా నుంచి వచ్చిన మొక్క అది. కాకపోతే మల్లెలాంటి వాసన మాత్రం ఉండదు.

మన పెద్దవాళ్ళు ఆరు ఋతువులు ఎందుకు పెట్టారో ఇప్పుడు ఆలోచించండి. వేసవి ముగిశాక మన నేలలో వాన వస్తుంది, వాన వెనకాల తెల్లని వెన్నెల రాత్రులు వస్తాయి. అందుకని వర్ష ఋతువు వేరు, శరదృతువు వేరు. నేలను చూసి పెట్టిన పేర్లవి. ఫోర్‌స్టర్ తన నేలను చూసి ఏడు పెట్టుకున్నారు.

గడ్డికి కూడా చోటు

శరత్తు అనగానే తెలుగునాట ఏటి ఒడ్డున తెల్లగా ఊగే రెల్లు పూలు గుర్తొస్తాయి. ఫోర్‌స్టర్‌కి కూడా గడ్డి అంటే ప్రాణం. ఆ రోజుల్లో అది విచిత్రం. గడ్డి అంటే పశువులకు మేత, లేదంటే కలుపు. ఇక్కడ ఎస్టేట్లలో పని చేసిన మన తాతల్ని లాలాంగ్ గడ్డి గురించి అడిగితే, దాన్ని ఏరలేక పడ్డ అవస్థే చెబుతారు. అలాంటిది గడ్డిని తెచ్చి పూల మధ్య నాటడం ఏమిటి?

ఆయనకు కనిపించింది వేరు. పూలన్నీ రాలిపోయాక కూడా కొన్ని గడ్డి జాతులు ఎండు కాడలతో నిటారుగా నిలబడతాయి. పొద్దున్నే వాటి మీద మంచు పేరుకుంటే వెండి దారాల్లా మెరుస్తాయి. చలికాలంలో తోట ఖాళీగా కనిపించదు. 1957లో గడ్డి జాతుల మీద, ఫెర్న్‌ల మీద పుస్తకం రాశారు. ఈ రోజు ఆయన పేరుతోనే ఒక గడ్డి రకం ఉంది. సన్నగా, ఈకల్లాంటి కంకులతో, చలికాలమంతా వంగకుండా నిలబడుతుంది. 2001లో అమెరికాలోని బహువార్షిక మొక్కల సంఘం ఆ గడ్డిని ఆ ఏటి మొక్కగా ఎంచింది.

మనుషుల చలికాలం

ఇంతవరకు వాతావరణం గురించి చదివారు. ఇప్పుడు ఇంకో రకం గడ్డుకాలం గురించి చదవాలి. కొంచెం బరువైన భాగం ఇది, నెమ్మదిగా చదవండి.

ఫోర్‌స్టర్ కుటుంబం యుద్ధాన్ని వ్యతిరేకించిన కుటుంబం. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మనీ మేధావులు చాలామంది యుద్ధాన్ని సమర్థించారు. దానికి ఎదురుగా యూరప్ ప్రజలంతా కలిసి ఉండాలని కోరుతూ తయారైన ఒక ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళు చాలా కొద్దిమంది. వారిలో ఐన్‌స్టైన్ ఒకరు, కార్ల్ తండ్రి విల్‌హెల్మ్ మరొకరు. కార్ల్ అన్నగారు ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ కూడా పేరున్న శాంతివాది. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చాక ఆ అన్నగారి పుస్తకాలు తగలబెట్టారు, పౌరసత్వం తీసేశారు. ఆయన పరాయి దేశాల్లోనే బతకాల్సి వచ్చింది.

కార్ల్ మాత్రం బోర్నిమ్‌లోనే ఉండిపోయారు. ఆ రోజుల్లో నాజీలు మనుషుల్నే కాదు, మొక్కల్ని కూడా స్వదేశీ, విదేశీ అని వేరు చేయాలన్నారు. తోటల్లో అచ్చమైన జర్మనీ మొక్కలే ఉండాలని ఒత్తిడి తెచ్చారు. ఫోర్‌స్టర్ దానికి ఒప్పుకోలేదు. ఆయన తోటలోని ఫ్లాక్స్, హెలీనియం, చాలా ఆస్టర్లు ఉత్తర అమెరికా నుంచి వచ్చిన జాతులు. చామంతి చైనా, జపాన్‌ల నుంచి వచ్చింది. వాటిని తీసేస్తే ఆయన నలభై ఏళ్ళ పనిలో ఏం మిగులుతుంది? యూదులపై వేధింపులు జరుగుతున్న కాలంలో యూదు మిత్రులకు తన దగ్గర పని ఇచ్చారు. అదే మనిషి 1940లో నాజీ పార్టీలో సభ్యుడుగా చేరారు.

ఈ రెండూ నిజాలే. జీవిత చరిత్ర చదివేటప్పుడు మనకి నచ్చినది ఒక్కటే ఉంచుకుని మిగతాది దాచేయకూడదు. ఆయన చేసిన మంచి పని ఆ సభ్యత్వాన్ని చెరిపేయదు. ఆ సభ్యత్వం వల్ల ఆ మంచి పని అబద్ధమూ అయిపోదు. తండ్రి, అన్న నడిచిన దారికీ ఈయన దారికీ ఉన్న తేడాని గమనించండి. తరగతిలో దీని గురించి మాట్లాడుకోండి.

ఆ ఏళ్ళలోనే ఇంకో పని కూడా సాగింది. పోట్స్‌డామ్ మధ్యలో హాఫెల్ నది రెండు పాయల నడుమ ఒక చిన్న లంక ఉంది. స్నేహ ద్వీపం అని దాని పేరు. 1938 నుంచి 1940 దాకా అక్కడ బహువార్షికాల ప్రదర్శన తోట వేశారు. ఆలోచన ఫోర్‌స్టర్‌ది, ప్రణాళిక హెర్మన్ మాటెర్న్ అనే తోటల రూపశిల్పిది. దారిన పోయే ఎవరైనా వచ్చి ఏ మొక్క ఎలా ఉంటుందో చూసి నేర్చుకోవచ్చు. 1945 ఏప్రిల్ 14 రాత్రి పోట్స్‌డామ్ మీద బాంబులు పడ్డాయి. ఆ యుద్ధంలో ఆ తోట కూడా దెబ్బతింది.

మళ్ళీ చిగురు

యుద్ధం ముగిసేసరికి ఫోర్‌స్టర్ వయసు 71. ఊరు శిథిలాలు. జనానికి బంగాళాదుంపలు దొరకడమే గగనం, పూలెవరికి కావాలి? పోట్స్‌డామ్ సోవియట్ సైన్యం అధీనంలోకి వెళ్ళింది. అయితే సోవియట్ అధికారులు ఆ నర్సరీ విలువ గుర్తించారు. మొక్కల అభివృద్ధి, పరిశోధన జరిగే చోటుగా దాన్ని కాపాడారు. పని మళ్ళీ మొదలైంది. 1950లలో స్నేహ ద్వీపం తోటను కూడా తిరిగి వేశారు.

1927లో ఆయన ఎఫా అనే సంగీత కళాకారిణిని పెళ్ళి చేసుకున్నారు. 1931లో కూతురు మరియానె పుట్టింది. ఆ ఇంట్లో పూలతో పాటు సంగీతం, పుస్తకాలు, అతిథులు ఎప్పుడూ ఉండేవి. పని నేర్చుకోవడానికి కుర్రవాళ్ళు వచ్చేవారు. వారిలో ఎర్నెస్ట్ పాగెల్స్ ఒకరు. గురువు ఇచ్చిన విత్తనాలతో ఆయన తన ఊళ్ళో సాల్వియా పూలు పెంచి, అందులోంచి 1955లో ఒక మంచి రకం తెచ్చారు. ఆ రకం ఇప్పటికీ తోటల్లో ఉంది.

1950లో బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయం ఫోర్‌స్టర్‌కి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1959లో పోట్స్‌డామ్ నగరం గౌరవ పౌరుడిగా ప్రకటించింది. 1970 నవంబర్ 27న ఆయన చనిపోయారు. ఆయన లెక్కలో అది మలి శరత్తు. తోటలో పూలు అయిపోయి గడ్డి కంకులు మిగిలే కాలం.

కూతురు మరియానె కూడా తోటమాలే అయ్యారు. చాలా ఏళ్ళు బెల్జియంలో పనిచేసి, 1990 ప్రాంతంలో తిరిగి వచ్చి, 2010లో చనిపోయేదాకా తండ్రి తోటను చూసుకున్నారు. బోర్నిమ్‌లో ఆ ఇల్లూ పల్లపు తోటా ఇప్పుడు రక్షిత స్మారకం. వెళ్ళి చూడవచ్చు.

మీకు ఇంకొక్క మాట. పేరాక్ దిగువన కొబ్బరి, రబ్బరు ఎస్టేట్లకి మన తెలుగువాళ్ళు వచ్చి ఎన్నో తరాలు దాటింది. కొన్ని ఇళ్ళలో తెలుగు మాట్లాడడం ఆగిపోయింది. అమ్మమ్మ నోట నాలుగు మాటలు, పండగ రోజు ఒక పాట, అంతే మిగిలింది. మీలో కొందరు ఆ ఇళ్ళ నుంచే ఈ పుస్తకం తెరిచారని నాకు తెలుసు. ఎండిన కాడని చూసి దుబ్బు చచ్చిందనుకుని తవ్వి పారేసే ముందు, తోటమాలి ఒకసారి గోటితో గీరి చూస్తాడు. లోపల పచ్చగా ఉంటే నీళ్ళు పోస్తాడు. మీరు ఇప్పుడు చేస్తున్న పని అదే.

కొత్త మాటలు

నారు: విత్తనం నుంచి వచ్చిన లేత మొక్కలు. ఇవి పెరిగాక వేరే చోట నాటుతారు.
దుబ్బు: ఒకే వేరు నుంచి చాలా కాడలు గుంపుగా వచ్చిన మొక్క.
పిలక: తల్లి మొక్క పక్కన వచ్చే పిల్ల మొక్క.
ఊతకర్ర: మొక్క పడిపోకుండా పక్కన పాతే కర్ర.
తెగులు: మొక్కకి వచ్చే జబ్బు.
గొంగళి: ఉన్నితో నేసిన మందపాటి దుప్పటి.
లంక: నది మధ్యలో ఉండే నేల.
గగనం: ఆకాశం. దొరకడం గగనం అంటే దొరకడం చాలా కష్టం అని.

జవాబులు రాయండి

1. బంతికీ పసుపుకీ తేడా ఏమిటి? రెండు వాక్యాల్లో రాయండి.
2. మంచును గొంగళితో ఎందుకు పోల్చారు?
3. డెల్ఫినియంలో ఫోర్‌స్టర్ ఏయే లోపాలు సరిచేయాలనుకున్నారు?
4. గాజు ఇళ్ళ మొక్కలు చిన్న కుటుంబాలకి ఎందుకు కుదరవు?
5. 1914లో తండ్రి చేసిన పనినీ, 1940లో కొడుకు చేసిన పనినీ పోల్చి మీ అభిప్రాయం రాయండి. తప్పొప్పులు చెప్పే ముందు కారణాలు ఆలోచించండి.

చేసి చూడండి

మీ ఇంటి చుట్టూ ఉన్న మొక్కల్లో ఐదింటిని ఎంచుకోండి. వాటి తెలుగు పేర్లు ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తెలుసుకోండి. తాతయ్య ఒక పేరు, అత్తయ్య ఇంకో పేరు చెబితే రెండూ రాసుకోండి. ప్రతి ఆదివారం ఏది పూసిందో, ఏది వాడిందో, ఎంత వాన పడిందో ఒక్కో వాక్యం రాయండి. ఏడాది పూర్తయ్యాక ఆ నోటుపుస్తకం తిరగేయండి. తెలుక్ ఇంటాన్‌కి ఎన్ని ఋతువులున్నాయో మీరే లెక్కపెట్టి, వాటికి తెలుగులో పేర్లు పెట్టండి.